పదకొండో నెల బియ్యం

బ్యాంకాక్‌లో నేను దిగిన చోట ఒక్క గదిలో ఎనిమిది మంచాలు, రైలు బెర్తుల్లాగ ఒకదాని మీద ఒకటి. నాకు పైది దక్కింది. ఎక్కడానికి నాలుగు ఇనుప మెట్లు. యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళతో ఆ నాలుగు మెట్లూ ఎక్కి, తల పైకప్పుకు కొట్టుకోకుండా వంగి, పక్క మీద కూలబడేసరికి నా మీద నాకే విసుగొచ్చింది. కింది మంచం పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయేమో. నా అవస్థ చూసి తన పక్క నాకిస్తానని సైగ చేసింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ తెలియదు. వట్టి పంతం. మా ఇంటావిడ ఉంటే "ముసలోడికి షోకు జూడు" అనేది.

ఆ మాట అనడానికి ఆవిడ లేదు. పోయి అప్పటికి పది నెలలు దాటింది.

అసలు ఆ ప్రయాణం ఆవిడది. నేను తిరుమలాయపాలెం వైపు మెట్ట పొలాల్లో పుట్టినవాణ్ణి, దేవుడి సంగతి నాకు అంతంతమాత్రం. ఆవిడది పినపాక. గోదావరి వెంట అడవిదారిన పోతే భద్రాచలం. నా ఉద్యోగంతో పాటు ఊళ్ళు తిరిగి, చివరికి ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నాక కూడా రాముడంటే ఆవిడకు పుట్టింటి మనిషే. నేను ఆఫీసుకు పోయాక మధ్యాహ్నాలు ఫోన్లో ప్రయాణాల వీడియోలు చూసేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"ఏమయ్యా, థాయిలాండుల రాజుగారి కోటల గోడల మీద మొత్తం రామాయణమే ఉందంట. కంబోడియాల రాళ్ళ మీద చెక్కిండ్రంట. నువ్వు రిటైరైనంక పోదాం. మన రాముడు ఆడ ఎట్లున్నడో చూసొద్దాం."

"చూద్దాం" అన్నాను.

నా చూద్దాంకు అర్థం ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే ఇద్దరమే, మాకు పిల్లలు లేరు. అయినా ఆవిడ వదల్లేదు. "పెద్ద హోటళ్ళేం గావాల్నా మనకు. ఆడ మంచం ఒక్కటి కిరాయికిస్తరంట. బస్సులల్ల తిరగొచ్చంట" అని, పాల లెక్కలు రాసే డైరీ వెనక పేజీలో నాలుగు ఊర్లు రాసి పెట్టింది. బ్యాంకాక్, అయుతయ, సియెమ్ రీప్, లువాంగ్ ప్రబాంగ్. ఆ చివరి ఊరి పేరు నాకు నోరు తిరగడానికి నెల పట్టింది.

నేను రిటైరైన నాలుగో నెల ఆవిడ మంచాన పడింది. మామూలు జ్వరమనుకున్నది మామూలు జ్వరం కాదని తేలేసరికి చేయి దాటిపోయింది. దవాఖానాలో చీటీ రాసే కౌంటరు దగ్గర "పేషెంటు పేరు?" అని అడిగితే నేను ఆధార్ కార్డు తీసి ముందు పెట్టాను. ఆ అమ్మాయి తలెత్తి ఒకసారి నన్ను చూసి, కార్డు చూసి రాసుకుంది. మా ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం ఒకరి పేరు ఒకరు పలకరు. ఆవిడను నేను "ఇగో" అని పిలిచేవాణ్ణి. నన్ను ఆవిడ "ఏమయ్యా" అనేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ రెండు మాటలతో బండి నడిచింది.

ఇక్కడ బియ్యం సంగతి చెప్పాలి. మా దగ్గర మనిషి పోతే ఏడాది పొడుగునా ప్రతి నెలా ఆ తిథి నాడు అయ్యగారికి బియ్యం ఇస్తాం. పళ్ళెంలో బియ్యం, కంది పప్పు, చింతపండు, గుమ్మడి ముక్క, రెండు మూడు రకాల కూరగాయలు, అన్నీ పచ్చివే, ఏదీ వండింది కాదు. పోయినవాళ్ళ పేరు చెప్పి ఆ పళ్ళెం ఇస్తే వాళ్ళకు చేరుతుందని నమ్మకం. మా అమ్మ పోయిన ఏడాది పన్నెండు నెలలూ ఆ పళ్ళెం సర్దింది మా ఇంటావిడే. తిథి చూసుకునేది, అంగడికి పోయేది, అయ్యగారిని పిలిచేది. నేను స్నానం చేసి వచ్చి, పళ్ళానికి చేయి తాకించి, అయ్యగారు చెప్పినప్పుడు "మమ" అని, టిఫిన్ డబ్బా తీసుకుని ఆఫీసుకు పోయేవాణ్ణి. మా అమ్మ పేరు కూడా అయ్యగారే పలికేవాడు.

చివరి వారంలో ఒక పొద్దున, దవాఖానా మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఆవిడ నన్ను అడిగింది.

"నాకు బియ్యం ఇచ్చే తిథి నీకు యాదుంటదా?"

"గా మాటలేంది పొద్దుపొద్దున" అని కసురుకున్నాను.

"ఉండది. నాకెర్కే" అని నవ్వింది. కోపంగా కాదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో నీకు తెలియదులే అన్నట్టు నవ్వింది.

ఆ నవ్వు నన్ను నిద్రపోనియ్యలేదు. ఇంకేది తప్పినా సరే, ఆవిడ పన్నెండు నెలల బియ్యం ఒక్కటి కూడా తప్పకుండా నా చేత్తోనే ఇవ్వాలని పట్టుపట్టాను. పినపాకలో ఉండే మా బావమరిది అయ్యగారిని అడిగి తిథి ఫోన్లో చెప్పేవాడు. నేను పళ్ళెం సర్దేవాణ్ణి. మొదటి నెల కంది పప్పు మర్చిపోయి ఉరికాను. రెండో నెల నుంచి బాగానే జరిగింది.

కానీ ఇంట్లో ఉండలేకపోయాను. మూడు పూటలా కర్రీ పాయింటు ప్యాకెట్లు, టీవీ, గోడలు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం పాల డైరీ తిరగేస్తుంటే ఆ నాలుగు ఊర్లు కనబడ్డాయి. విమానం టికెట్లు చవగ్గా ఉన్నాయని ఏడు నెలల ముందే కొనేశాను. ఆవిడ పోయింది నెలాఖరున. పదో నెల బియ్యం ఇచ్చి బయల్దేరి, పదకొండోది ఇవ్వడానికి నెలాఖరుకు ముందే తిరిగొచ్చేటట్టు తేదీలు చూసుకున్నాను. చూసుకున్నది గోడ మీది ఇంగ్లీషు తేదీలు. తిథి ఆ తేదీల్లో కూర్చోదు, నెలకింత వెనక్కి జరుగుతుంది. చిన్నప్పటి నుంచీ ప్రతి పండుగా అట్లా జరగడం చూస్తున్నవాణ్ణే. పదో నెల బియ్యం నెల మధ్యలోనే వచ్చింది, అప్పుడైనా బుర్ర వెలగలేదు. ఇచ్చి, చేతులు కడుక్కుని, బ్యాగు సర్దుకున్నాను.

"ఏడాది ఎల్లకముందే ఊర్లు తిరుగుడేంది బావా? అందులో గుళ్ళు గోపురాలు చూస్తా అంటివి" అన్నాడు మా బావమరిది. ఏడాది మైల తీరే దాకా మేం గుడి మెట్లెక్కం.

"అవి మన గుళ్ళు కావు. బుద్ధుడివి" అన్నాను.

"బుద్ధుడికి మైల ఉండదా?"

"నన్నడుగుతవేంది, ఆయన్నే అడుగు" అని ఫోన్ పెట్టేశాను. కోపం వాడి మీద కాదు.

బ్యాంకాక్ కోటలో రామాయణం నిజంగానే ఉంది. పొడుగాటి వసారా గోడల నిండా బంగారు రంగు. మెడ నొప్పి పుట్టే దాకా చూశాను. అక్కడి ఆంజనేయుడు తెల్లగా ఉన్నాడు, పైగా ఒక బొమ్మలో ఎవరో చేప తోక ఉన్న ఆవిడ వెంట పడుతున్నాడు. బ్రహ్మచారిని పట్టుకుని ఇదేం పని అని నాకు మండింది. పక్కకు తిరిగి "ఇగో, ఇది చూసినవా" అనబోయాను. పక్కన గొడుగు పట్టుకున్న ఒక గుంపు ఉంది. ఇక ఆ తర్వాత గోడలు చూడబుద్ధి కాలేదు. లోపల పచ్చ బుద్ధుడున్న గుడి గడప మాత్రం తొక్కలేదు, బావమరిది మాట గుచ్చుకుంటూనే ఉంది.

అయుతయ అంటే మన అయోధ్యేనట. పాత ఇటుక గోపురాలు, తలలు లేని బుద్ధుళ్ళు, నెత్తి మాడే ఎండ. సైకిలు కిరాయికి తీసుకుంటే గంటలోపే చైను ఊడింది. దాన్ని నడిపించుకుంటూ మూడు శిథిలాలు చూశాను. నాలుగోది చూస్తే ఎంత, చూడకుంటే ఎంత అనిపించి ఒక కొబ్బరిబోండాల బండి దగ్గర కూర్చున్నాను. అలసట కాళ్ళల్లోనే ఉంటే నిద్రతో పోతుంది. నాకు పొద్దున లేచేసరికే అలసటగా ఉండేది. ఇంత దూరం ఎందుకొచ్చినట్టు అని ప్రతి ఊర్లో అనుకున్నాను. ఆవిడ రాసిన ఊర్లు నేను చూస్తే ఆవిడ చూసినట్టవుతుందా? కాదని నాకు తెలుసు.

సియెమ్ రీప్‌లో అయితే పరువు పోయింది. ఆవిడ చెప్పిన ఆ చెక్కిన రాళ్ళున్న అంగ్‌కోర్ చూడటానికి పాసు కొని, ఆటో లాంటి బండిలో పోయి, నీళ్ళ కందకం మీది రాతి వారధి దాటి పెద్ద ద్వారంలో అడుగుపెట్టానో లేదో, ఎదురుగా ఎనిమిది చేతుల నిలువెత్తు విగ్రహం. పట్టు కప్పారు, అగరొత్తులు వెలుగుతున్నాయి. పక్కన ఒక గైడు ఎవరికో చెబుతున్నాడు, ఇది మొదట విష్ణువు గుడి, ఈయన విష్ణువు అని. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బుద్ధుడి దగ్గర ఏదో వాదన చేసుకున్నాను గానీ సాక్షాత్తు విష్ణుమూర్తి ఎదురైతే ఏం వాదించను? గిర్రున వెనక్కి తిరిగాను. లోపల గోడ మీద రామరావణ యుద్ధం ఉందని పాల డైరీలో ఆవిడ రాసుకుంది. అది చూడలేదు. కందకం గట్టు మీద మూడు గంటలు కూర్చున్నాను. బండి అతను వచ్చి ఒంట్లో బాగాలేదా అని రెండుసార్లు అడిగాడు. టికెట్టు చూపించి, లోపలికి వెళ్ళొచ్చు అని చేత్తో దారి చూపించాడు. మా ఇంట్లో మనిషి పోయింది, ఏడాది నిండలేదు అని అతనికి చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు. తలనొప్పి అన్నాను.

రెండు రోజుల బస్సు ప్రయాణం, ఆ పైన రైలు. లువాంగ్ ప్రబాంగ్ చేరేసరికి వీపు మీది బ్యాగు బరువో నా ఒళ్ళు బరువో తెలియని స్థితి. మెకాంగ్ నది చూసి మాత్రం కాసేపు ఆగాను. భద్రాచలం కరకట్ట మీద నుంచి చూసే గోదావరి రంగే. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద నిలబడి ఏడవడం సిగ్గనిపించి, టోపీ ముందుకు లాక్కున్నాను.

అక్కడ నేను దిగింది నాలుగు గదుల చిన్న ఇల్లు. దాని యజమానురాలు నాకంటే పెద్దది, డెబ్భై దగ్గర్లో ఉంటుంది. ఒక్కతే అన్నీ చూసుకుంటుంది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే కొలత కాబట్టి మాకు బాగానే కుదిరింది. మూడో రోజు మధ్యాహ్నం తాగే నీళ్ళ కోసం ఆమె వంటింట్లోకి వెళ్ళాను. గోడకు క్యాలెండరు ఉంది. అందులో కొన్ని తేదీల మీద చిన్న బుద్ధుడి బొమ్మ ఉంది. రేపటి తేదీ మీద కూడా ఉంది. ఏదో ఒకటి అడగాలని, ఇదేమిటని అడిగాను.

"గుడి రోజు" అంది. వేలితో గాలిలో నిండు చందమామ గీసి, అందులో సగం చెరిపేసి చూపించింది. "పెద్ద చంద్రుడు అయిపోయింది. ఇప్పుడు సగం."

పున్నమి పోయి సగానికి వచ్చిన చంద్రుడు. అంటే బహుళ అష్టమి. అది ఆవిడ తిథి.

నీళ్ళ సీసా అక్కడే పెట్టి గదికి ఉరికాను. ఖర్చని ఇండియా సిమ్ము తీసేసి పర్సులో పెట్టాను. రిటైరైన వాళ్ళ గ్రూపులో గుడ్‌మార్నింగులు పడలేక వాట్సాప్ మోత కూడా ఆపేశాను. తెరిచి చూస్తే బావమరిది నుంచి ఐదు కాల్స్. వెంటనే చేశాను.

"ఎక్కడున్నవ్ బావా, నాల్గు దినాల సంది చేస్తున్న. రేపు అక్క బియ్యం."

"అవ్" అన్నాను.

"నువ్వు పరేషాన్ గాకు. నేనిస్త. అయ్యగారికి చెప్పిన. పన్నెండిట్ల ఒకటి తమ్ముడిస్తే ఏమైతది?"

"వద్దు. నా చేత్తోనే ఇయ్యాలె."

"గా దేశంల అయ్యగారు ఏడ దొరుకుతడు నీకు?"

ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. ఉండది, నాకెర్కే అని నవ్విన మొహమే కళ్ళ ముందు. ఆవిడ చెప్పినట్టే అయింది. ముప్ఫై మూడేళ్ళు ఆఫీసులో ఒక్క ఫైలు గడువు దాటనివ్వని మనిషిని, పెళ్ళాం తిథి ఎవరి వంటింట్లోనో గోడ మీద చూసి తెలుసుకున్నాను. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

ఆ ఊర్లో తెల్లవారుతూనే భిక్షువులు వరసగా వీధుల్లోకి వస్తారు, జనం రోడ్డు పక్క కూర్చుని వాళ్ళ పాత్రల్లో అన్నం పెడతారు. ముందు రోజు నేనూ చూశాను. అయ్యగారు లేకపోతే వీళ్ళు. తప్పో ఒప్పో ఆలోచించే ఓపిక లేదు. బజారుకు పోయి రెండు కిలోల బియ్యం, గుమ్మడికాయ ముక్క, బీరకాయలు, వంకాయలు, చింతపండు కొన్నాను. కంది పప్పు దొరకలేదు, ఏదో పప్పు తీసుకున్నాను. అన్నీ తెచ్చి వంటింటి అరుగు మీద పళ్ళెంలో మా ఇంట్లో లాగే సర్దాను. యజమానురాలు వచ్చి చూసి, ఇవి ఎవరికని అడిగింది. రేపు పొద్దున భిక్షువులకని చెప్పాను.

ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

"పచ్చి బియ్యం వాళ్ళు తీసుకోరు. వాళ్ళు వండుకోకూడదు. నువ్వు వండాలి."

మా దగ్గర అయ్యగారు మేం వండింది తినరు కాబట్టి పచ్చిది ఇస్తాం. వీళ్ళు వండుకోరు కాబట్టి వండిందే పెట్టాలి. అంత వయసొచ్చినా నేను ఒక్కనాడూ అన్నం వండి ఎరగను. ఆవిడ పోయాక కూడా కుక్కరు మీద చేయి వెయ్యలేదు. ఆ సంగతి యజమానురాలికి చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను. ఎవరి కోసమని అడిగింది. పర్సులోంచి ఫొటో తీసి చూపించాను. ఆమె ఫొటోను రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చింది.

సాయంత్రం తన డబ్బాలోంచి అక్కడి జిగురు బియ్యం కొలిచి నా ముందు పెట్టింది. కడగమంది. కడిగాను. నీళ్ళు ఇంకా తెల్లగా ఉన్నాయి, మళ్ళీ కడగమంది. ఐదోసారికి ఒప్పుకుని నానబెట్టించింది. తెల్లవారక ముందే లేపింది. నానిన బియ్యాన్ని వెదురు బుట్టలో పోసి, మరిగే నీళ్ళ కుండ మీద పెట్టాలి. మధ్యలో బుట్ట ఎగరేసి అన్నాన్ని తిరగెయ్యాలి. నేను ఎగరేస్తే సగం నేల మీద పడింది. ఆమె ఇంకొంచెం బియ్యం చూపించింది, రాత్రి ఎక్కువే నానబెట్టి ఉంచింది. ఆవిరికి వేళ్ళు కాలాయి. ఉడికిన అన్నాన్ని బల్ల మీద పరిచి, చల్లార్చి, మూత ఉన్న చిన్న బుట్టలో నింపాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకరు రోజూ చేసిన పని ఇది. నాకు ఆ ఒక్కసారికే నడుం పట్టేసింది.

చాప మీద ఆమె పక్కన చెప్పులు విప్పి కూర్చున్నాను. నా భుజం మీద తన కండువా వేసింది. కాషాయం బట్టల వరస వచ్చింది, మాటల్లేవు, ఒట్టి కాళ్ళు మాత్రం కదులుతున్నాయి. మొదటి పాత్రలో పిడికెడు పెట్టాను. "చిన్నది, చిన్నది" అని ఆమె గొణిగింది. అవతల ఎవరో నా మొహానికి దగ్గరగా ఫోను పెట్టి ఫొటో తీశారు. కోపం రావాల్సింది, రాలేదు. చివరి పాత్ర దాకా అన్నం సరిపోయింది. బుట్ట అడుగున నాలుగు మెతుకులు మిగిలాయి.

అయిపోయిందనుకుని లేవబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. సంచిలోంచి చిన్న నీళ్ళ సీసా తీసింది. రోడ్డు పక్క చెట్టు మొదట్లో సన్నటి ధారగా నీళ్ళు పోస్తూ ఏవో పేర్లు చెప్పుకుంది. మేం నువ్వులతో నీళ్ళు వదలడం లాంటిదేనని అర్థమైంది. సగం పోసి సీసా నా చేతికిచ్చింది.

"పేరు చెప్పు" అంది.

నేను పర్సు కోసం జేబులో చెయ్యి పెట్టాను, అందులో ఆవిడ ఆధార్ కార్డు కూడా ఉంది. ఆమె చూడనన్నట్టు చెయ్యి ఊపింది.

"నువ్వు చెప్పాలి. చెప్పకపోతే ఎవరు వచ్చి తీసుకుంటారు?"

సీసా వంచాను. గొంతులోంచి మొదట "ఇగో" అనే వచ్చింది. నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు పేరు పలికాను. పెళ్ళి శుభలేఖలో చదివిన పేరు, రేషన్ కార్డులో, దవాఖానా చీటీలో, పది నెలలూ అయ్యగారి నోట విన్న పేరు. నా నోట నాకే కొత్తగా వినబడింది. పలికాక నిజం కూడా చెప్పాను. నాకు యాదికి లేకుండె, ఈ అమ్మ ఇంట్ల గోడ మీద చూసిన, నువ్వన్నదే నిజమైంది అని చెప్పాను. అన్నం మాత్రం నేనే వండిన అని చెప్పాను.

సీసాలో ఇంకొన్ని నీళ్ళు మిగిలాయి. మళ్ళీ పేరు చెప్పి, అవి కూడా పోశాను.